నాంపల్లి దర్గాలో కలిసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

అమ్మకు శస్త్రచికిత్స జరుగుతున్న రాత్రి ఆసుపత్రిలో ఉండలేక, ఇద్దరు సూఫీ గురువుల సమాధులున్న నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వచ్చి, అక్కడి పద్ధతి తెలియక గుమ్మం దగ్గరే ఆగిపోయిన నన్ను మీరు చేయి పట్టుకుని లోపల కూర్చోబెట్టారు. తస్బీ పూసలు తిప్పుతూ, అల్లాహ్‌కున్న 99 నామాలలో ముందుగా తలచేవి కరుణను చెప్పేవేనని వివరించి, “మీ అమ్మ ఏం చదువుతది బిడ్డా?” అని అడిగారు. విష్ణు సహస్రనామం అన్నాను. “అయితే అదే చదువు, నేను పక్కనే కూర్చుంట” అన్నారు.

నాకు గుర్తున్న శ్లోకాలు అయిపోయేదాకా మీ జపం ఆపి, కళ్లు మూసుకుని విన్నారు. చిన్నప్పటి నుంచి వల్లె వేసిన నామాలలో ఒక్కొక్కటీ భగవంతుని ఒక్కో గుణాన్ని పిలవడమేనని ఆ రాత్రే నాకు తెలిసింది.

అమ్మ కోలుకుంది. ఇద్దరం కలిసి రోజూ పారాయణం చేస్తున్నాం. పేరైనా అడగని మీకు నా సలాం, నమస్కారం.