ఆశా అక్కకీ, మా తోటికోడలికీ కృతజ్ఞతలు

నా టీబీ మందుల కోర్సు నిన్నటితో పూర్తయింది. ఆరు నెలలు. చివరి కళ్ళె పరీక్షలో కూడా ఏమీ లేదన్నారు. ఈ మాట నలుగురిలో రాస్తానని సంక్రాంతప్పుడు ఎవరైనా అని ఉంటే కొట్టేదాన్ని.

తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నెలన్నర దగ్గినా "దుమ్ము పడట్లేదు" అని అందరికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. మా వీధి చివరే ఆరోగ్య కేంద్రం, పరీక్ష ఉచితం. అయినా ఎవరి కంటైనా పడతానని బస్సెక్కి గుంటూరు వెళ్ళి చేయించుకున్నా. భయం జబ్బు గురించి కాదు. "ఆవిడకి క్షయ అట" అంటే ఇక గుడ్డ ఎవరిస్తారు? రేపు మా అమ్మాయి సంబంధాలప్పుడు ఇదే మాట తీస్తే? అమ్మాయికి తొమ్మిదేళ్ళు! అంత దూరం ఆలోచించాను గానీ, ఆ పిల్ల రోజూ నా పక్కలోనే పడుకుంటోందని తట్టలేదు.

మొదటి రోజే ఆశా అక్కని, అంటే మా ఆశా ఆరోగ్య కార్యకర్తని, "స్కూటీ సందు మొదట్లో పెట్టి రా అక్కా" అని అడిగాను. సిగ్గులేకుండా. ఒక్క మాట అనకుండా ఎండలో నడిచి వచ్చేది. ఎవరైనా ఎదురైతే జాకెట్ కొలతలకని తనే చెప్పేది. యూరిన్ నారింజ రంగులో వచ్చేసరికి హడలిపోయి రాత్రి పదింటికి ఫోన్ చేస్తే "మందు రంగే అది, పడుకో" అంది. రెండో నెలలో దగ్గు పోయింది కదా అని మానేయబోయాను. మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీగా మారొచ్చని చెప్పి, నేను మింగేదాకా కదల్లేదు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించి, పాపకి ముందుజాగ్రత్త మాత్రలు ఇప్పించింది. నెలనెలా వచ్చే 1000 రూపాయల పోషణ డబ్బుకి బ్యాంకు కాగితాలు కూడా తనే చూసింది.

ఇంట్లో అత్తయ్య నా కంచం, గ్లాసు వేరుపెట్టారు. ఆవిడది చెడ్డతనం కాదు. చిన్నప్పుడు వాళ్ళ మేనమామని ఈ జబ్బుతోనే పశువుల పాకలో ఉంచారట, ఆవిడకి తెలిసిన పద్ధతి అదే. మా తోటికోడలు నాతో ఆసుపత్రికి వచ్చి డాక్టర్‌నే అడిగింది. ఇది గాలి వల్ల వచ్చేది, కంచాల వల్ల కాదు, మందులు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుందన్నారు. రెండో నెల నడుస్తుండగా ఒక రాత్రి గోంగూర అన్నం కలిపి, అత్తయ్య చూస్తుండగానే నా కంచంలోంచే ముద్ద తీసుకుని తింది. మర్నాడు నా కంచం మళ్ళీ అందరి కంచాల స్టాండులో కనబడింది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు.

నిన్న ఆశా అక్కని స్కూటీ మా గేటు ముందే పెట్టమన్నాను. కాఫీ తాగి వెళ్ళింది. ఎదురింటావిడ "ఎవరొచ్చారు?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడవి రెండు జాకెట్ గుడ్డలు నా దగ్గరే ఉన్నాయి, శుక్రవారానికి ఇవ్వాలి.