ఒమర్ ఖాన్ గారూ, రాడ్జర్స్ కోసం ఇక ఎదురుచూడొద్దు

మన్రోవిల్, 2025 మే 20

ఒమర్ ఖాన్ గారికి నమస్కారం.

నాది రాజమండ్రి. 2008 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి పిట్స్‌బర్గ్ వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను. 2022 మేలో మీరు పిట్స్‌బర్గ్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్‌కి జనరల్ మేనేజర్ అయినప్పుడు, మీ నాన్నగారిది ఇండియా అని తెలిసి, పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి కింద పులిహోర తింటూ మావాళ్లందరం చాలాసేపు ఆ మాటే చెప్పుకున్నాం. మీరు తెలుగు చదవలేరని తెలుసు. కానీ గత రెండు నెలలుగా ఆ గుడి పార్కింగ్‌లో, పిల్లల పుట్టినరోజుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో మేం వాదించుకుంటున్నదంతా తెలుగులోనే కాబట్టి, నా మాట కూడా తెలుగులోనే చెప్తాను.

విషయం మీకు తెలిసిందే. క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్‌ని మన జట్టులోకి తీసుకోవాలా, వద్దా. వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫుట్‌బాల్ పెద్దగా చూడని మన తెలుగువాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి బంతీ ముందుగా చేతికి వచ్చేవాడు, ఎవరికి వేయాలో మూడు సెకన్లలో తేల్చేవాడు. క్రికెట్‌లో కెప్టెన్, ఓపెనర్, డెత్ బౌలర్ ముగ్గురూ ఒకే మనిషైతే ఎలా ఉంటుందో అలాంటి స్థానం. బెన్ రాత్లిస్‌బర్గర్ 2022 జనవరిలో రిటైరైన దగ్గర్నుంచి మనకి ఆ స్థానంలో కుదురుగా నిలబడ్డ మనిషి లేడు. ట్రుబిస్కీ వచ్చాడు, పికెట్ వచ్చాడు, రుడాల్ఫ్ ఆడాడు, నిరుడు మొదటి ఆరు మ్యాచ్‌లు ఫీల్డ్స్, మిగిలిన పదకొండు రసెల్ విల్సన్ ఆడారు. ఈ మార్చిలో ఫీల్డ్స్ న్యూయార్క్ జెట్స్‌కి, విల్సన్ న్యూయార్క్ జెయింట్స్‌కి వెళ్లిపోయారు. రాడ్జర్స్‌నేమో జెట్స్ వదిలేసింది. మార్చి 21న ఆయన మన సౌత్ సైడ్ ఆఫీసుకొచ్చి చాలాసేపు కూర్చుని వెళ్లాడు. అప్పట్నుంచీ రెండు నెలలుగా అవునూ లేదు, కాదూ లేదు.

ముందు ఒక మాట. ఆయన మీద నాకు కోపం లేదు. దగ్గరివాళ్లకి బాగోలేదని ఏప్రిల్‌లో ఆయనే చెప్పుకున్నాడు. ఇంట్లో జబ్బు ఉన్నప్పుడు ఆట తర్వాతే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన గొప్పతనం గురించి కూడా నాకెవరూ చెప్పక్కర్లేదు, ఎందుకంటే అది మన ఒంటి మీద పడ్డ దెబ్బ. 2011 ఫిబ్రవరి 6, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్, అప్పుడు రాడ్జర్స్ గ్రీన్ బే జట్టులో ఉన్నాడు. స్క్విరల్ హిల్‌లో మా రెండు గదుల అపార్ట్‌మెంట్, పద్నాలుగు మందిమి, సోఫా మీద నలుగురు, మిగిలినవాళ్లం కార్పెట్ మీద. నాలుగో క్వార్టర్‌లో గ్రీన్ బే 28, మనం 25. మూడో డౌన్ (పది గజాలు సాగడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), వాళ్లకి ఇంకా పది గజాలు కావాలి, ఆపితే బంతి మనదే. మా గుంటూరు రూమ్మేట్ స్టీలర్స్ అభిమానులు ఊపే పసుప్పచ్చ టెరిబుల్ టవల్‌ని రెండు చేతులా నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. రాడ్జర్స్ మైదానం మధ్యలోంచి వేశాడు, ఐక్ టేలర్ వేళ్ల అంచుకి అందీ అందకుండా దాటి గ్రెగ్ జెన్నింగ్స్ చేతుల్లో పడింది, 31 గజాలు. అంత సన్నని సందులోంచి బంతి వెళ్లడం నేను మళ్లీ చూళ్లేదు. 31-25తో ఓడిపోయాం. ఆ రాత్రి వంట చేసుకోలేదు, చేసిన మిర్చి బజ్జీలు అలాగే చల్లారిపోయాయి.

నాలుగుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడు, అయిన మనిషి. ఆ చెయ్యి ఇప్పటికీ పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటాను. 2023లో జెట్స్ తరఫున నాలుగో బంతికే ఆకిలీస్ తెగి, నలభయ్యో ఏట దాన్నుంచి కోలుకుని, 2024లో పదిహేడు మ్యాచ్‌లూ ఆడి 28 టచ్‌డౌన్లు వేశాడు. జట్టు మాత్రం 5-12, అంటే ఐదు గెలుపులు, పన్నెండు ఓటములు.

అయినా వద్దంటున్నాను. ఎందుకో చెప్పడానికి నాకు దొరికిన ఉదాహరణ కూడా రాడ్జర్సే.

2008కి వెళ్దాం. నేను ఈ దేశంలో దిగిన నెల. గ్రీన్ బే ఊరికి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ దేవుడు. మార్చిలో కన్నీళ్లు పెట్టుకుని రిటైరయ్యాడు, జూలైకి మనసు మార్చుకుని మళ్లీ ఆడతానన్నాడు. అంతకు ముందు సీజన్‌లోనే జట్టుని కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద దాకా, తీసుకెళ్లినవాడు, ఎవరు కాదనగలరు? మీలాగే ఒక జనరల్ మేనేజర్, టెడ్ థాంప్సన్, కాదన్నాడు. ఆయన దగ్గర 2005 డ్రాఫ్ట్‌లో (కిందటేడు ఎక్కువ ఓడిన జట్టుకి ముందు వంతు, అలా వరసగా జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి) 24వ నంబరుకి దొరికిన కుర్రాడొకడు మూడేళ్లుగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఫార్వ్‌ని జెట్స్‌కి పంపేసి ఆ కుర్రాడికి బంతి ఇచ్చాడు. సొంత ఊరి జనమే ప్రాక్టీసులో ఆ కుర్రాణ్ని చూసి హేళనగా అరిచారు. మొదటి ఏడాది 6-10. థాంప్సన్‌ని జనం ఎన్ని మాటలన్నారో మీకు నాకన్నా బాగా తెలుసు, అప్పటికి మీరు స్టీలర్స్‌లో చేరి ఏడేళ్లైంది. ఆ తర్వాత రెండేళ్లకి ఆ కుర్రాడే మన మీద గెలిచి సూపర్ బౌల్ ఎత్తాడు. ఆ కుర్రాడి పేరు ఆరన్ రాడ్జర్స్. 2023లో గ్రీన్ బే అదే పని రాడ్జర్స్‌కే చేసింది, ఆయన్ని కూడా జెట్స్‌కే పంపి జోర్డన్ లవ్‌కి చోటిచ్చింది.

ఆ ఊళ్లో క్వార్టర్‌బ్యాక్‌కి ముప్ఫై ఏళ్లుగా కరువు రాకపోవడానికి కారణం అదృష్టం ఒక్కటే అని నేను నమ్మను.

మన సంగతి చూడండి. జానీ యునైటస్ ఈ ఊరివాడే, 1955లో మనమే డ్రాఫ్ట్ చేసుకుని క్యాంపులోనే ఇంటికి పంపేశాం, బాల్టిమోర్ వెళ్లి చరిత్ర అయ్యాడు. డాన్ మరీనో ఈ ఊళ్లో పుట్టి ఈ ఊరి యూనివర్సిటీలోనే ఆడాడు, 1983లో మన వంతు వచ్చేసరికి ఇంకా మిగిలే ఉన్నాడు, వదిలేశాం. 2018లో మనం 28వ నంబరుకి ఇంకొకర్ని తీసుకున్నాం, నాలుగు పేర్ల తర్వాత లమార్ జాక్సన్ బాల్టిమోర్‌కి దొరికాడు. ఈ జనవరిలో మనల్ని ఇంటికి పంపిందెవరో వేరే చెప్పాలా. ఇవేవీ మీ హయాంలోవి కావు. మీ మీద పెట్టడం లేదు.

ఆ జనవరి 11 మ్యాచ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. మా అమ్మాయి 2017 ఫిబ్రవరిలో పుట్టింది. మనం ఆఖరుగా ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచింది 2017 జనవరి 15న, కాన్సస్ సిటీ మీద 18-16. అంటే తను పుట్టాక ఒక్కటి కూడా లేదు. ఆ మ్యాచ్ తర్వాత ఆడిన ఆరు ప్లేఆఫ్‌లూ ఓడిపోయాం. ఈసారి తన కోసం మన డిఫెన్స్ ఆటగాడు టీజే వాట్ జెర్సీ చిన్న సైజుది కొన్నాను, నంబరు 90. హాఫ్‌టైమ్‌కి 21-0. తను జెర్సీ చేతులు లోపలికి లాక్కుని నా పక్కన ముడుచుకుని పడుకుంది, "నాన్నా, వాళ్లు అలా పరిగెత్తుకుంటూ పోతూనే ఉన్నారేంటి?" అని అడిగింది. ఎనిమిదేళ్లు కూడా నిండని పిల్లకి కనబడింది. బాల్టిమోర్ ఆ రోజు పరుగుతోనే 299 గజాలు కొట్టింది, డెరిక్ హెన్రీ ఒక్కడే 186. అది క్వార్టర్‌బ్యాక్ ఓడిన మ్యాచ్ కాదు. విల్సన్ బదులు రాడ్జర్స్ ఉన్నా హెన్రీని ఎవరు ఆపుతారు? మీకది తెలుసు కాబట్టే ఏప్రిల్‌లో మొదటి రౌండులో డిఫెన్స్ ముందు వరసలో ఆడే డెరిక్ హార్మన్‌ని తెచ్చారు, చాలా మంచి పని చేశారు.

రాడ్జర్స్ వస్తే ఏమవుతుంది? నా అంచనా, మళ్లీ తొమ్మిదో పదో గెలుస్తాం. కోచ్ టామ్లిన్ గారికి 2007 నుంచి ఒక్క ఏడాది కూడా గెలుపులకన్నా ఓటములు ఎక్కువ కాలేదు, ఆ రికార్డుకి నేను దండం పెడతాను. కానీ మనం ఆ తొమ్మిది పది దగ్గరే ఇరుక్కుపోయాం. అటు కప్పు కొట్టేంత బలం లేదు, ఇటు డ్రాఫ్ట్‌లో ముందు వరస దొరికేంత ఓటమీ లేదు. నాలుగేళ్లుగా మన వంతు 20, 17, 20, 21. ముందు నంబరు ఉంటేనే మంచివాడు దొరుకుతాడని కాదు, రాడ్జర్సే 24. దొరికినవాడికి ఆడే చోటు ఉండాలి, అంతే. ఏటేటా ఆ చోటుని ఒక పెద్దాయనకి అద్దెకిస్తూ పోతే కుర్రాడు ఎప్పుడు నేర్చుకుంటాడు?

మావాళ్లు నాతో గట్టిగానే వాదిస్తున్నారు. హైదరాబాద్ మిత్రుడొకడు డెక్కన్ చార్జర్స్ సంగతి ఎత్తాడు. 2008లో అట్టడుగున ఉన్న జట్టు, 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఐపీఎల్ గెలిచింది, అప్పటికి ఆయనకి 37, అంతర్జాతీయ క్రికెట్ మానేసి ఏడాది దాటింది. పేటన్ మానింగ్ 39 ఏళ్లకి డెన్వర్‌లో, టామ్ బ్రేడీ 43 ఏళ్లకి టాంపాలో గెలవలేదా అంటాడు. గెలిచారు. కానీ బ్రేడీ 2020 మార్చిలోనే సంతకం పెట్టాడు, మానింగ్ కప్పు గెలిచిన ఏడాది డెన్వర్‌ని మోసింది డిఫెన్స్. ఫార్వ్ 2009 ఆగస్టులో చేరి కూడా మిన్నెసోటాని కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, అదీ నిజమే, దాచను. మరుసటి ఏడు 6-10, మధ్యలోనే కోచ్ ఉద్యోగం పోయింది, ఆపై ఏడు 3-13. ఆ లెక్క అంతా కలిపి చూడాలి కదా.

నన్ను నిజంగా ఆపేది ఒక్క మాట, మన డిఫెన్స్‌లో పాతకాపు క్యామ్ హేవార్డ్. ఈ నెలలో 36 నిండాయి. పద్నాలుగు సీజన్లు ఈ జట్టు తప్ప ఇంకోటి ఎరగడు, సూపర్ బౌల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరం చేతికి లేదు. వాట్‌కి ముప్ఫై, ఒక్క ప్లేఆఫ్ విజయం కూడా లేదు. వాళ్లతో "రెండేళ్లు ఆగండి" అని ఎవరు చెప్పగలరు, నాకైతే నోరు రాదు. పాసులు అందుకునే డీకే మెట్‌కాఫ్‌ని కూడా మార్చిలో తెచ్చుకున్నారు, అతనికి బంతి వేసేవాడు కావాలి. రాడ్జర్స్ కావాలనేవాళ్ల దగ్గర బలమైన వాదన ఏదైనా ఉందంటే ఇదే, రాత్రుళ్లు నేనూ దీని గురించే ఆలోచిస్తాను. కానీ క్యామ్ కోసం చేస్తున్నామని చెప్పి, క్యామ్‌కి ఇంకో జనవరి ఓటమే ఇస్తే అది మేలెలా అవుతుంది?

డబ్బు ఊసు ఎత్తను. పది మిలియన్ డాలర్లకైనా ఆడతానని ఆయనే అన్నాడు, జట్టు జీతాలకి లీగ్ పెట్టిన 279.2 మిలియన్ల పరిమితిలో అది పెద్ద మొత్తం కాదు, పైగా కాంట్రాక్టుల్లో మీకు చెప్పేంతవాణ్ని కాను. నేను అడిగేది సమయం గురించి. ఈ నెల 27న ఓటీఏలు, అంటే సీజన్‌కి ముందు జరిగే జట్టు ప్రాక్టీసులు, మొదలవుతాయి. ఆ రోజు మొదటి వరసతో ఎవరు నిలబడతారో వాళ్లకి ఆ చోటు తనదని తెలియాలి. మేసన్ రుడాల్ఫ్ 2023 చివర్లో వరసగా మూడు గెలిపించి మనల్ని ప్లేఆఫ్స్‌కి చేర్చాడు, అతనికి ఇవ్వండి, మొదలుపెట్టనివ్వండి. కుర్ర క్వార్టర్‌బ్యాక్ విల్ హవార్డ్‌ని డ్రాఫ్ట్ ఆరో రౌండులో, 185వ నంబరుకి తెచ్చారు. జనవరిలో కాలేజీల నేషనల్ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో మొదటి పదమూడు పాసుల్లో ఒక్కటి కూడా నేల మీద పడనివ్వని కుర్రాడు, పెన్సిల్వేనియా వాడే. రాడ్జర్స్ డ్రాఫ్ట్ అయిన రోజుకి ఇతనికి మూడేళ్లు. ఇతను పనికొస్తాడా అంటే మీరు కూడా ఇప్పుడే చెప్పలేరు, ఆరో రౌండువాళ్లు ఎక్కువమంది నిలబడరు. కనీసం నవంబరులో నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తే తెలుస్తుంది. రాడ్జర్స్ ఉన్నాడంటే ఆ నాలుగూ దొరకవు, ఏడాదంతా హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడి చూడటమే. పనికిరాడని తేలితే తేలనివ్వండి, వచ్చే ఏప్రిల్లో డ్రాఫ్ట్ మన ఊళ్లోనే జరగబోతోంది, మన వంతు కాస్త ముందుకొస్తే యునైటస్‌నీ మరీనోనీ వదులుకున్న ఊళ్లోనే ఒక కుర్రాడి పేరు పిలవొచ్చు.

షెడ్యూల్ వేసినవాళ్లు ఆశ పెట్టారు, అది నాకూ తెలుసు. మొదటి మ్యాచే జెట్స్‌తో, వాళ్ల ఊళ్లో. అక్టోబర్ 26 ఆదివారం రాత్రి గ్రీన్ బే మన ఊరొస్తుంది. రాడ్జర్స్ నల్ల పసుపు జెర్సీలో తన పాత జట్ల మీద ఆడితే దేశమంతా చూస్తుంది. టీవీవాళ్లకి అది పండగ. మీరు టీవీవాళ్ల కోసం పనిచేయడం లేదు.

ఆయనకి ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి, ఇంటి సంగతి చూసుకోమనండి, మేం ముందుకెళ్తున్నామనండి. ఓ వారం రేడియోలో మిమ్మల్ని తిడతారు. అక్టోబరులో ఇంకా ఎక్కువ తిడతారు. గుడి పార్కింగ్‌లో మీ తరఫున వాదించడానికి నేనున్నాను, ఇప్పటికే అలవాటైంది.

జూలైలో లాట్రోబ్‌లో జరిగే జట్టు ప్రాక్టీసు క్యాంపుకి మా అమ్మాయిని తీసుకొస్తున్నాను. కంచె పక్కన నిలబడి సంతకాలు తీసుకోవాలని పాత టెరిబుల్ టవల్ ఒకటి ఇప్పుడే తీసి పెట్టుకుంది. ఎవరి సంతకం కావాలని అడిగితే, "కొత్తగా వచ్చిన వాళ్లది" అంది.

మీ,
స్క్విరల్ హిల్ నుంచి మన్రోవిల్‌కి మారిన ఓ రాజమండ్రి అభిమాని