పాత కారుకు పికప్ కావాలనేవాళ్లకు మీ శాఖ ఏం చెబుతోంది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: "అన్నా, బండికి పికప్ లేదు, ఏమన్నా చెయ్యి." అడిగేది చాలాసార్లు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. ఇద్దరు ముగ్గురి చేతులు మారి వచ్చిన పాత ఆల్టోనో, మారుతి 800నో కొనుక్కుని ఉంటాడు. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే శ్రీశైలం ఘాట్ రోడ్డులో సెకండ్ గేరు దాటదు. హైదరాబాద్ హైవే మీద లారీని దాటాలంటే టెన్షన్. అతని బాధలో అబద్ధం లేదు.

షెడ్డులో ఒక సలహా ఇస్తారు, యూట్యూబులో ఇంకొకటి దొరుకుతుంది. మీ శాఖ నుంచి మాత్రం చలానా తప్ప ఏదీ రాదు. ఈ లేఖ అందుకే రాస్తున్నాను.

ముందు ఆ కుర్రాళ్లకు అమ్ముతున్నవేమిటో చూడండి. గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు, మోత మోగే సైలెన్సరు, ఈసీయూ రీమ్యాపింగ్ (ఇంజినును నడిపే కంప్యూటరులో సెట్టింగులు మార్చడం). అన్నిటికన్నా దారుణం, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసి లోపలి జల్లెడ కొట్టేసి మళ్లీ వెల్డింగ్ పెట్టడం. ఆల్టో ఇంజిను 796 సీసీ, మూడు సిలిండర్లు, కొత్తగా ఉన్నప్పుడే 46-47 హార్స్‌పవర్. గాలిని బలంగా లోపలికి నెట్టే టర్బో లేని ఇంత చిన్న ఇంజినుకు ఇవన్నీ చేసి, అదృష్టం బాగుండి అయిదు శాతం పెరిగిందనుకుందాం. రెండు హార్స్‌పవర్ చిల్లర! ఏసీ ఆపితే అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. అదే మూడింట్లో ఒక సిలిండరు సరిగా మండకపోతే దాదాపు మూడో వంతు బలం పోయినట్టే. కాబట్టి పాత బండికి బలం పెంచడమంటే ముందు పోయిన బలాన్ని వెనక్కి తెచ్చుకోవడం. తెలిసిన మేస్త్రీలందరూ ఈ మాటే అంటారు. కానీ దాంట్లో లాభం తక్కువ, స్టిక్కర్ ఉన్న ఫిల్టరు అమ్మితే ఎక్కువ.

మొదటి పని కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో చూడటం. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో గేజి పెట్టి సెల్ఫ్ కొడితే ఒక్కో సిలిండరు సంగతి తెలుస్తుంది. ఒకటి తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల వైపు అనుమానం. ఇది చూడకుండా పైపైన ఎంత ఖర్చుపెట్టినా దండగే. కంప్రెషన్ బాగుంటే ట్యాపెట్ సెట్టింగు (వాల్వుల సందు సరిచేయడం), ప్లగ్గులు, కంపెనీ ఎయిర్ ఫిల్టరు, గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ శుభ్రం, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు చూసుకోవాలి. ఇంజిను అరుపు పెరిగి స్పీడు పెరగకపోతే అది క్లచ్ ప్లేటు పని. నాలుగు కిలోమీటర్లు తోలి దిగాక ఒక చక్రం మాత్రం కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. ఇంజిను ఏం చేస్తుంది పాపం!

ఇంజిను వేడెక్కేదాకా నీళ్లు రేడియేటరు వైపు పోకుండా ఆపే థర్మోస్టాట్ సంగతి విడిగా చెప్పాలి. మన ఎండలకు బండి వేడెక్కుతుందని చాలా షెడ్లలో దాన్ని పీకి పారేస్తారు. దాంతో ఇంజిను కావలసిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, పికప్ మందగిస్తుంది. ఆనక ఆ బండికే రీమ్యాపింగ్ చేయించుకోమంటారు.

ఇందులో మీ శాఖ చేయగలిగింది ఏమిటంటారా? పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి చూడండి. బీఎస్ 2, బీఎస్ 3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిను ఆడుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు (మండకుండా మిగిలిన పెట్రోలు) 750 పీపీఎం, అంటే పది లక్షల్లో 750 వంతులు, దాటకూడదన్నది నిబంధన. నిజంగా కొలిస్తే ఆ రెండు అంకెలూ ఇంజిను జాతకం చెబుతాయి. మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, అది మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు ఎక్కువుంటే ఎక్కడో సరిగా మండనట్టు. ఇంత తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి పరీక్ష కొత్తవాడికి దొరకదు. కానీ సైలెన్సరు గొట్టంలో పొగ కొలిచే ప్రోబ్ పెట్టకుండా, నంబర్ ప్లేటు ఫొటో తీసి చీటీ చేతిలో పెట్టే చోట్లు మీకూ తెలిసే ఉంటాయి. ఆ చీటీతో చలానా తప్పించుకోవచ్చేమో, బండి గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజినే మార్చాలంటే ముందు అనుమతి కావాలి. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. సైలెన్సరు అమ్మినవాడు బిల్లు మీద ఈ మాట రాయడు. ఆర్టీఓ ఆఫీసు కౌంటరులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. కుర్రాడికి తెలిసేది రోడ్డు మీద ఆపినప్పుడే.

రీ-రిజిస్ట్రేషన్ ఫీజు గురించి మిమ్మల్ని అడగను, అది కేంద్రం పెట్టింది. పదిహేనేళ్లు దాటిన కారుకు 600 ఉన్నది 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. అంత కట్టినవాడికి, బండి తనిఖీలో ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో తెలుగులో రాసివ్వమని అడిగే హక్కు ఉంటుంది కదా. "బాగు చేయించుకు రా" అన్న ఒక్క మాటతో ఎక్కడికి పోవాలి?

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి ఆర్టీఓ ఆఫీసు గోడ మీద, మీ వెబ్‌సైటులో, ఒకే ఒక్క పేజీ తెలుగులో పెట్టించండి: ఏ పనికి అనుమతి అక్కర్లేదు, దేనికి కావాలి, ఏది అసలు చేయకూడదు. పొల్యూషన్ చీటీ మీద అంకెల కింద వాటి అర్థం రెండు లైన్లలో అచ్చువేయించండి. ప్రోబ్ పెట్టని కేంద్రాల లైసెన్సులు తనిఖీ చేయించండి. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్లని పిలుచుకునే మీ అధికారులకు ఇవన్నీ కొత్త కాదు. పేజీ రాయడానికి మనుషులు కావాలంటే ఆటోనగర్‌లో ముప్ఫై నలభై ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్న మేస్త్రీలున్నారు, పిలిస్తే వస్తారు. ముందు విజయవాడ ఆఫీసులో మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక పాత ఆల్టో యజమాని,
విజయవాడ