వేట మొదలయ్యేలోగా: బోటు వంట సామాన్లలో ఈసారి ఏవి ఇస్తాం, ఏవి ఇవ్వం

ఏప్రిల్ 15న మొదలైన సముద్రపు చేపల వేట విరామం జూన్ 14తో ముగుస్తుంది. రంగులు, ఇంజిన్ పనులు, వలలు అన్నీ అయ్యాక చివరి వారంలో అందరికీ ఒక్కసారిగా వంట సామాన్లు గుర్తొస్తాయి. ఆ హడావుడిలో ఇంటికి కొన్నట్టే బోటుకీ కొనేస్తారు. కాకినాడ, భైరవపాలెం, అంతర్వేది, నర్సాపురం వైపు నుంచి వచ్చే ఓనర్లు, సరంగులు (బోటు నడిపేవాళ్లు) అడిగేవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఈ సీజన్‌కు మా కొట్లో మార్చినవి ఇక్కడే చెప్పేస్తున్నాం.

గాజు పలక స్టవ్‌లు బోటుకంటే ఇవ్వం, డబ్బు ఎక్కువిస్తామన్నా సరే. ఇంజిన్ అదురుకు గాజు కింద రబ్బరు కాళ్లు జరుగుతుంటాయి. వేడెక్కిన పలక మీద చల్లటి నీళ్లు చింది పడితే అది పగులు ఇచ్చి ఊరుకోదు, మొత్తం ముక్కలైపోతుంది. ఆటో ఇగ్నిషన్ కూడా దండగే. ఉప్పుగాలికి ముందు చెడేది ఆ మీటే. మూత బిగుతుగా పట్టే సీసాలో అగ్గిపెట్టె, ఒక లైటర్ పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు తెప్పిస్తున్నవి స్టీలు బాడీ, ఇత్తడి బర్నర్లు ఉన్న రెండు పొయ్యిల స్టవ్‌లు. వాటిలో మంట ఆరితే గ్యాస్ తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంటుంది. బర్నర్ పక్కన సన్నటి పుల్లలాంటి సెన్సర్ కనిపిస్తుంది. అది వేడిగా ఉన్నంతసేపే లోపలి వాల్వు తెరుచుకుని ఉంటుంది. గాలికి మంట ఆరినా, పొంగు పడి ఆరినా ఆ పుల్ల చల్లబడి వాల్వు మూసుకుంటుంది. కొనేటప్పుడు కొట్లోనే చూసుకోండి: వెలిగించి, నాబ్ ఓ పది సెకన్లు నొక్కి పట్టి వదలండి, మంట నిలవాలి. తర్వాత మంట ఊదేసి చెవి దగ్గర పెట్టండి. నిమిషం, నిమిషన్నర లోపు లోపల టక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే ఆ స్టవ్ తీసుకోవద్దు.

ఆ పుల్లకు మసి పట్టినా, కాస్త పక్కకు వంగినా చెయ్యి తియ్యగానే మంట ఆరిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని నాబ్‌ను తీగతో నొక్కి కట్టెయ్యడం. దాంతో మీరు ఏ రక్షణ కోసం ఎక్కువ డబ్బు పెట్టారో అదే పోతుంది. రెండు రోజులకోసారి, స్టవ్ చల్లారాక, పొడిగుడ్డతో పుల్ల తుడవండి. మంట పసుపుపచ్చగా వస్తుంటే జెట్‌లో, అంటే గ్యాస్ బయటికొచ్చే సన్నటి కన్నం ఉన్న మరలో, ఉప్పో, తుప్పో చేరిందని గుర్తు. జెట్ విప్పి వేడినీళ్లలో నానబెట్టి ఊదాలి. సూదితో గెలికితే కన్నం పెద్దదై గ్యాస్ ఎక్కువ కాలుతుంది, గిన్నెలకు మసి పడుతుంది.

స్టవ్‌ను బల్లకు బోల్టులతో బిగించాలి. చుట్టూ ఇనుప పట్టీతో కంచె ఉండాలి. గిన్నె కూర్చునే చోటు నుంచి ఆ కంచె ఎత్తు కనీసం 3 అంగుళాలు, లోతు గిన్నెలకైతే గిన్నె ఎత్తులో మూడోవంతు. గిన్నె జరగకుండా అడ్డంగా రెండు కడ్డీలు కూడా పెట్టించుకోండి. ఇంకొక మాట, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ: బోటు ముందుకూ వెనక్కూ ఊగేదానికంటే పక్కలకు ఎక్కువ పొర్లుతుంది. కాబట్టి గిన్నెలోంచి చిందేది పక్కలకే చిందుతుంది. వంట చేసే మనిషి స్టవ్‌కు అణియం (బోటు ముందు) వైపో, అమరం (వెనక) వైపో నిలబడేలా బల్ల వెయ్యండి. పక్కన నిలబడితే మరుగుతున్న చారు నేరుగా పొట్ట మీదికే వస్తుంది.

ఊగే స్టవ్ కావాలని కొందరు వీడియోలు చూసి అడుగుతున్నారు. విదేశీ తెరచాప పడవల్లో రెండు కొక్కేలకు వేలాడే స్టవ్ అది. రెండు లీటర్ల గిన్నెకు బాగానే ఉంటుంది. పది లీటర్ల అన్నం గిన్నె పెడితే బరువు పైకి చేరి స్టవ్వే తిరగబడుతుంది, గొట్టం కూడా ఒరుసుకుంటుంది. మేం తెప్పించడం లేదు.

స్టవ్ కంటే ముందు సిలిండర్ చోటు తేల్చుకోండి. వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, బోటు అడుగుకు దిగి ఇంజిన్ గదిలో చేరుతుంది. పైన వాసన తగ్గినా కింద నిలిచే ఉంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు చేరితే చాలు, సెల్ఫ్ కొట్టగానే వచ్చే నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే సిలిండర్ డెక్ మీదే ఉండాలి, నీడలో, అడుగున కన్నం ఉన్న పెట్టెలో. ఆ కన్నం బయటికి, నీళ్ల వైపుకే తెరుచుకోవాలి. పైనొకటి, కిందొకటి రెండు బెల్టులతో నిటారుగా కట్టండి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇంటి 14.2 కిలోల సిలిండర్ ఇంటికే, బోటు కోసం వ్యాపార కనెక్షన్ మీద 19 కిలోలది తీసుకోండి. రెండు పొయ్యిలు రోజుకు మూడు గంటలు వెలిగితే కిలో, కిలోంపావు అవుతుంది. అంటే పదిహేను రోజుల వేటకు ఒకటి సరిపోతుంది, అయినా అందరూ రెండు పెట్టుకోవడమే మంచిది. హోటళ్ల హై ప్రెషర్ భట్టీ మూసి ఉన్న క్యాబిన్‌లో వాడకండి.

గొట్టం తీగ అల్లిక ఉన్న ఆరెంజ్ రంగుది, మీటరున్నరకు మించకుండా. ఇళ్లలో ఐదేళ్లు నడుస్తుంది. డీజిల్ తగిలితే రబ్బరు మెత్తబడుతుంది, ఎలుకలు సరేసరి, కాబట్టి బోటులో రెండేళ్లకే మార్చమంటాం. క్లిప్పులు స్టీలువే ఇస్తున్నాం. బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు చూడండి, అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకండి.

ఇక గిన్నెలు. ఎనిమిది మందికి పూటకు తలా 200 గ్రాముల బియ్యమంటే 1.6 కిలోలు, దాదాపు రెండు లీటర్లు. ఉడికాక ఆరు లీటర్లవుతుంది. ఇంట్లో ఎనిమిది లీటర్ల గిన్నె చాలు. బోటులో సగానికి మించి నింపకూడదు కాబట్టి 12 లీటర్లది పట్టుకెళ్లండి. గంజి వార్చడం మానేసి అత్తెసరు పెట్టండి. ఊగే డెక్ మీద పది లీటర్ల గిన్నె వంచితే గంజి కాళ్ల మీద పడుతుంది, మంచినీళ్లు కూడా వృథా. కుక్కరైతే మూత లోపల్నుంచి పట్టేదే మేలు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు ఆ మూత రాదు. గాస్కెట్, సేఫ్టీ వాల్వు రెండేసి చొప్పున తీసుకోండి, నడి సముద్రంలో దొరకవు.

చేపల పులుసుకు సత్తు (అల్యూమినియం) గిన్నె వద్దు. చింతపండు, ఉప్పు కలిసి సత్తును తినేస్తాయి, రాత్రంతా ఉంచితే అడుగున తెల్లటి గుంటలు పడతాయి. 12 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల లోతు ఉన్న స్టీలు గిన్నె తీసుకుని మూడోవంతే నింపండి. పులుసు గరిటెతో తిప్పం, చెవులు పట్టుకుని గిన్నె తిప్పుతాం కదా, కాబట్టి చూడాల్సింది ఆ చెవులే. గిన్నె లోపల చుక్కల్లా కనిపించే వెల్డింగు మచ్చలు ఒక్కో చెవికి నాలుగైనా ఉండాలి. రేకు 18 గేజీ, అంటే 1.2 మిల్లీమీటర్లు. 22 గేజీ ఇంకా పలచన, అందులో చెవి ముందే ఊడుతుంది.

స్టీలు రకాల్లో బోటుకు కావాల్సింది 304. కానీ 202, 304 రెండూ చూపుకు ఒకటే, అయస్కాంతం కూడా తేడా చెప్పలేదు. బ్యాటరీతో ద్రావణం చుక్క వేసే పరీక్ష మా కొట్లో ఉంది. మాంగనీసు ఎక్కువున్న 202 మీద చుక్క ఎర్రబడుతుంది. ముందే అడగండి, మీ ఎదుటే వేసి చూపిస్తాం. ఉప్పునీటికి 304 కంటే 316 గట్టిది, కానీ ఆ ధర పెట్టాల్సిన పని లేదు. సముద్రపు నీళ్లతో తోమినా ఆఖర్న చెంబెడు మంచినీళ్లతో కడిగి తుడిస్తే 304 ఏళ్ల తరబడి ఉంటుంది. ఇనుప పీచుతో తోమకండి, దాని పొడి అంటుకుని అదే తుప్పవుతుంది. కోనసీమలో కొబ్బరి పీచుకు కరువా?

కత్తిపీట కావాలంటే మడతదే ఇస్తాం, పని కాగానే మడిచి పెట్టండి.

దిండి హౌస్‌బోట్ల వాళ్లు ఇండక్షన్ అడుగుతున్నారు. 2000 వాట్ల స్టవ్ 24 వోల్టుల బ్యాటరీ నుంచి 83 ఆంపియర్లకు పైగా లాగుతుంది. జనరేటర్ ఉంటేనే పెట్టుకోండి.

ధరల సంగతి. గ్యాస్ ఆగే ఏర్పాటున్న స్టవ్‌లు మామూలు వాటికంటే ఖరీదు, తగ్గించలేం. వేట నుంచి వచ్చాక డబ్బు కట్టే అరువు గిన్నెల వరకే. స్టవ్‌లకు సగం ముందే ఇవ్వాలి, మేమూ ముందే కట్టి తెప్పిస్తున్నాం. ఇనుప కంచె కొలతకు చేయించాలంటే నాలుగు రోజులు పడుతుంది. బల్ల పొడవు, వెడల్పు, మీ పెద్ద గిన్నె అడుగు వెడల్పు రాసుకుని జూన్ 8 లోపు రండి.