గుడ్డ పటం ఉతికాక కొలత నిలిచిందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో గుడ్డ మీద ముద్రించిన పటాల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. తడిసినా చిరగవు, జేబులో కుక్కేయొచ్చు, బురదైతే ఉతుక్కోవచ్చు. ఇవన్నీ నిజమే. "ఇక ఓరియంటీరింగ్‌కు కాగితంతో పనిలేదు" అన్న చివరి మాటతోనే పేచీ. పటం, దిక్సూచి పట్టుకుని వరుసగా జెండాలు వెతుకుతూ పరుగెత్తే ఆట అది. ఉతికాక రంగు పోయిందా అని అందరూ చూస్తారు, కొలత పోయిందా అని చూసేవాళ్లు తక్కువ.

నూలు గుడ్డ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దగ్గరపడడం మామూలే. 1:10,000 పటంలో కిలోమీటరు అంటే 100 మిల్లీమీటర్లు. అందులో 3 శాతం పోతే 97. దిక్సూచి అంచు స్కేలుతో కొలిస్తే 970 మీటర్లనే వస్తుంది. ఆ లెక్కన అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లినవాడు 30 మీటర్ల ముందే ఆగి, లేని జెండా కోసం పొదలు వెతుకుతాడు. పైగా గుడ్డ రెండు వైపులా ఒకేలా దగ్గరపడదు. పడుగు పోగులు మగ్గం మీద బిగువుగా ఉంటాయి కాబట్టి సాధారణంగా నిలువునే ఎక్కువ పోతుంది. నిలువున 4 శాతం, అడ్డంగా 1 శాతం పోయిందనుకోండి, 45 డిగ్రీల దిశ పటం మీద దాదాపు 46 అవుతుంది. కిలోమీటరుకు 15 మీటర్ల తేడా. దీన్ని భరించవచ్చు. అసలు ప్రమాదం మూల పట్టుకుని ఏటవాలుగా లాగడంలో ఉంది. 100 మిల్లీమీటర్లకు 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే దిశ దాదాపు 3 డిగ్రీలు తప్పుతుంది. అర కిలోమీటరు నడిచేసరికి పాతిక మీటర్లు పక్కకు పోతారు.

దీన్ని పట్టుకోవడం తేలిక. ముద్రించేటప్పుడే పటం మార్జిన్‌లో భుజం 100 మిల్లీమీటర్లున్న చదరం ఒకటి గీయాలి. ప్రతి ఉతుకు తర్వాత, ఆరిన గుడ్డను బల్ల మీద లాగకుండా పరిచి నాలుగు భుజాలూ రెండు కర్ణాలూ కొలవాలి. కర్ణాలు రెండూ 141 ఉండాలి. ఒకటి 145, ఇంకొకటి 138 వచ్చాయంటే గుడ్డ వంకర తిరిగినట్టే. తడిపి, పొట్టిగా ఉన్న కర్ణం వైపు మెల్లగా లాగి పరిస్తే చాలాసార్లు దారికొస్తుంది. భుజాలే తగ్గితే మాత్రం చేసేదేమీ లేదు. కొత్త స్కేలు లెక్కకట్టి మార్జిన్‌లో రాసుకోవాలి, లేదా ఆ పటాన్ని పక్కన పెట్టాలి.

ఇక గీతల సంగతి. ఓరియంటీరింగ్ పటాల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1:15,000 పటంలో కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) మందం 0.14 మిల్లీమీటర్లు. సెంటీమీటరుకు 30 పోగులున్న మామూలు నూలు గుడ్డలో ఒక్కో పోగు 0.33 మిల్లీమీటర్ల చోటు తీసుకుంటుంది. పోగు కన్నా సన్నని గీత ఆ గుడ్డ మీద ఎలా నిలుస్తుంది? చుక్కలు చుక్కలుగా తెగుతుంది, లేదా సిరా పోగు వెంట పాకి పక్క కాంటూరులో కలుస్తుంది. నిటారు వాలున్న చోట గోధుమరంగు మరక తప్ప ఏమీ మిగలదు. కాబట్టి గుడ్డ మీదికి 1:15,000 పటం తేవద్దు. దాన్నే 1:7,500కు పెంచితే కాంటూరు 0.28 మిల్లీమీటర్లవుతుంది, దట్టమైన నేత మీద చదవగలం. గుడ్డ తెల్లగానే ఉండాలి. ఈ పటాల్లో తెలుపు అంటే పరుగెత్తగల అడవి, పసుపు అంటే బయలు. మీగడరంగు గుడ్డ మీద వేస్తే అడవి మొత్తం బయలులా కనిపిస్తుంది.

కొలత నిలవాలంటే పాలియెస్టర్ మీద సబ్లిమేషన్ ముద్రణే మేలు. కాగితం మీద అద్దంలో బొమ్మలా తిరగేసి ముద్రించి, గుడ్డకు అదిమి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో 45 నుంచి 60 సెకన్లు ఉంచుతారు. రంగు ఆవిరై పోగులోకే దిగుతుంది కాబట్టి ఉతుకులకు పోదు. నూలుకు ఈ పద్ధతి పనికిరాదు, రంగు పట్టదు. ముద్రకు ముందు ఖాళీ గుడ్డను కొన్ని సెకన్లు ప్రెస్ చేయడం మరవద్దు. తేమ పోతుంది, వేడికి దగ్గరపడాల్సినంత అప్పుడే దగ్గరపడుతుంది. ఆ పని మానేస్తే పటం ముద్రణలోనే పొట్టిదవుతుంది. ప్రెస్ ఎత్తేటప్పుడు కాగితం కదిలితే ప్రతి గీతకూ పక్కన నీడ గీత వస్తుంది. అందుకే కాగితాన్ని వేడి తట్టుకునే టేపుతో నాలుగు చోట్ల అంటించాలి.

ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో చేసేవాళ్లు నూలు గుడ్డను ముందే రెండుసార్లు ఉతికి గంజి వదిలించాలి. ఒక వైపు ప్లాస్టిక్ పూత ఉన్న ఫ్రీజర్ పేపర్‌ను ఇస్త్రీతో గుడ్డ వెనక అంటించి, ఎ4 సైజుకు కోసి, లోపలికి వెళ్లే అంచుకు టేపు వేయాలి. వేలాడే పోగు ఒక్కటున్నా ప్రింటర్ హెడ్‌కు చుట్టుకుంటుంది. సిరా పిగ్మెంట్ రకమై ఉండాలి, డై రకమైతే మొదటి వానకే పాకుతుంది. లేజర్ ప్రింటర్‌లో మాత్రం పెట్టవద్దు, లోపలి వేడికి ఆ పూత కరిగి రోలర్లకు అంటుకుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుదేశంలో చిక్కుకున్నవాళ్లు తప్పించుకోవడానికి సాయపడే బ్రిటన్ సైన్యపు ఎంఐ9 విభాగం విమాన సిబ్బందికి పట్టు గుడ్డ పటాలిచ్చింది, రంగు పాకకుండా సిరాలో పెక్టిన్ కలిపింది. గుడ్డ పటాలకు ఇదే రుజువని చూపిస్తుంటారు. ఆ పటాలు దేశాల సరిహద్దులు దాటడానికి. 1:10,00,000 స్కేలులో మిల్లీమీటరు అంటే కిలోమీటరు, అక్కడ గుడ్డ కాస్త సాగినా ఎవరికీ పట్టదు. 1:10,000లో అదే మిల్లీమీటరు 10 మీటర్లు, సరిగ్గా ఓ బండరాయికీ దాని పక్క బండరాయికీ మధ్య దూరం.

వాడకంలో ఇంకో చిక్కుంది. పరుగెత్తేవాళ్లు పటాన్ని మడిచి, తామున్న చోట బొటనవేలు పెట్టుకుంటారు. గుడ్డకు మడత నిలవదు, ముద్దవుతుంది. అరచేయంత గట్టి ప్లాస్టిక్ ముక్క చుట్టూ పటాన్ని చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే నిలుస్తుంది, దిక్సూచి పెట్టుకోవడానికి చదునూ దొరుకుతుంది. దిక్సూచిని దూరపు ఉత్తర రేఖతో కాకుండా ఉన్న చోటికి అతి దగ్గరి రేఖతో కలపాలి, అంత దగ్గరలో గుడ్డ ముడతలు తెచ్చే తేడా తక్కువ.

ఉతకడానికి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. బ్లీచ్ వద్దు. పిండొద్దు, తువ్వాలులో చుట్టి అదిమి, దండెం మీద కాకుండా నీడపట్టున పరిచి ఆరబెట్టాలి. దారులు గుర్తుపెట్టడానికి నీళ్లతో పోయే స్కెచ్ పెన్ వాడితే, ఆ గుర్తులు కడిగేదాకా ఇస్త్రీ తగలనివ్వకండి. వేడి తగిలితే కొన్ని సిరాలు శాశ్వతంగా అంటుకుంటాయి.

పోటీ పటం ఒక్క రోజుకు, ఒక్క కోర్సుకు. దానికి నీళ్లకు తట్టుకునే కాగితమే సరి. ఎప్పటికీ కదలని కంట్రోళ్లు (వెతకాల్సిన గుర్తులు) ఉన్న శిక్షణ మైదానాలకు, బడిపిల్లల సాధనకు, వాన కొండల్లో నడిచేవాళ్లకు గుడ్డ పటం హాయి. అయితే గుడ్డ ఏళ్ల తరబడి ఉంటుంది, ఈలోగా కాలిబాటలు మూసుకుపోతాయి, అయస్కాంత ఉత్తరమూ జరుగుతుంది. అందుకని సర్వే చేసిన నెల, సంవత్సరం మార్జిన్‌లో ముద్రించాలి. ఆ పక్కనే, ఉతికినప్పుడల్లా చెరగని పెన్నుతో ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోండి.

ఇట్లు,
ఓరియంటీరింగ్ పటాలు గీసే ఒక పాఠకుడు