క్విజ్ రాశాక వివరణ కనబడటం లేదా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది ఆన్‌లైన్ క్విజ్‌ల గురించే అడిగారు. "పదికి ఆరు అని చూపిస్తోంది గానీ ఏం తప్పు చేశాడో చెప్పడం లేదు మేడమ్" అని ఒక నాన్నగారు, "సాయంత్రం పాపకు కనబడిందట, రాత్రి నేను తెరిస్తే ఏమీ లేదు" అని ఒక అమ్మగారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకపోతే ఆ క్విజ్ రాసి పిల్లలకు ఒరిగేదేమీ లేదు. అందుకే ఈ ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను.

ఏడో తరగతి భిన్నాల క్విజ్‌లో ఒక ప్రశ్న చూడండి. 1/2 + 1/3 ఎంత? 2/5 ఎంచుకున్న పిల్లలకు కింద ఇలా రావాలి: "లవాలనూ హారాలనూ విడివిడిగా కూడేశావు. ముందు 2, 3ల క.సా.గు. కనుక్కుని హారాలు సమానం చెయ్యి, ఆ తర్వాత లవాలు కూడు." 1/6 ఎంచుకున్నవాళ్లకు వేరే మాట: "కూడమంటే గుణించావు. గుర్తు మళ్లీ చూసుకో." పిల్లలు ఎక్కడ పొరబడతారో ముందే ఆలోచించి మా టీచర్లు ఒక్కో ఆప్షన్‌కి ఒక్కో వివరణ రాస్తున్నారు. ప్రశ్నలు తయారుచేయడం కంటే దీనికే ఎక్కువ సమయం పడుతోంది. ఎర్ర గుర్తు ఒక్కటే కనబడితే పిల్లలు ఇంకో ఆప్షన్ నొక్కి చూస్తారు, అంతే. అందుకే ఈ వివరణ వాళ్ల కంటపడి తీరాలని నా పట్టుదల.

ఇక అది కనబడకపోవడానికి కారణాలు. మన క్విజ్‌లు మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ చదువుల సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. అందులో ఫలితాలు చూపించడానికి నాలుగు సమయాలున్నాయి: రాస్తుండగా, సబ్మిట్ చేసిన వెంటనే, ఆ తర్వాత క్విజ్ తెరిచి ఉన్నంతకాలం, గడువు ముగిశాక. మార్కులు, వివరణ, సరైన జవాబు వీటిలో ఏది ఎప్పుడు కనబడాలో టీచర్ విడివిడిగా టిక్ పెట్టాలి. ఇక్కడ 'వెంటనే' అంటే సబ్మిట్ చేశాక మొదటి రెండు నిమిషాలే! ఆ ఒక్క చోటే టిక్ ఉంటే, పాప చూసిన వివరణ అమ్మ ఫోన్ తీసుకునేసరికి ఉండదు. ఇంకొన్ని క్విజ్‌లలో గడువు ముగిశాక చూపించాలని ఉంది, కానీ గడువు తేదీయే లేదు. తేదీ లేని క్విజ్ ఎన్నటికీ ముగియదు, వివరణ ఎన్నటికీ రాదు. ఈ రెండు రకాలనూ టీచర్లు వెతికి సరిచేస్తున్నారు.

సరైన జవాబును మాత్రం గడువు ముగిసేదాకా చూపించం. ఇది కావాలని పెట్టిందే. ప్రతి క్విజ్‌కి రెండు అవకాశాలు ఇస్తున్నాం కదా, జవాబు ముందే తెలిస్తే రెండోసారి రాసేది చూచిరాతే అవుతుంది. వివరణ చదివి, నోట్‌బుక్‌లో లెక్క చేసుకున్నాకే రెండోసారి రాయమని చెప్పండి. అదే రోజు రాయాలని ఏమీ లేదు, మర్నాడైనా పర్వాలేదు.

తెలుగులో టైప్ చేసే జవాబులతో మరో ఇబ్బంది ఉంది. కంప్యూటర్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. 'కిరణజన్య సంయోగక్రియ' అన్నది 'సంయోగ క్రియ' అని విడదీసి రాస్తే తప్పు అనేస్తుంది. పాఠం వచ్చిన బిడ్డకు ఒక్క ఖాళీ వల్ల సున్నా పడటం అన్యాయం. ఇలాంటివి ఇప్పుడు రెండు రూపాల్లోనూ చేరుస్తున్నాం. ఇంకేమైనా మీ కంటపడితే చెప్పండి. జవాబు చేర్చి రీగ్రేడ్ చేస్తే, అంటే మార్కులు మళ్లీ లెక్కించమంటే, అలా రాసిన పిల్లలందరికీ మార్కు కలుస్తుంది.

మాకు చెప్పేముందు ఒక్కటి చూసుకోండి. ఆఖరి ప్రశ్న తర్వాత జవాబుల పట్టిక వస్తుంది. చాలామంది పిల్లలు అక్కడే అయిపోయిందనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తున్నారు. దాని కింద ఉన్న 'సబ్మిట్ ఆల్ అండ్ ఫినిష్' నొక్కి, మళ్లీ అడిగినప్పుడు సరే అంటేనే ఫలితం వస్తుంది.

ఈ మార్కులు ప్రోగ్రెస్ కార్డులో కలపం, కాబట్టి తక్కువ వచ్చాయని టెన్షన్ పడకండి, పిల్లల్ని కోప్పడకండి. వివరణ రాకపోతే క్విజ్ పేరు, ప్రశ్న నంబరు, స్క్రీన్‌షాట్ క్లాస్ టీచర్‌కి విడిగా పంపండి. గ్రూపులో పెట్టవద్దు, పిల్లల మార్కులు అందరికీ కనబడతాయి. ఇంట్లో ఫోన్ కుదరని పిల్లల కోసం బడి వదిలాక గంటసేపు కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉంచుతున్నాం. ముందురోజు క్లాస్ టీచర్‌కి చెబితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు