400 అన్నవారు, 175 అన్నవారు

కావలి,
2024 జూన్ 23.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. ఫలితాలు వచ్చిన రాత్రి ఫోనులో అన్న మాటనే మళ్లీ రాశావు: ఈ దేశంలో ఎన్నికలంటే ఇక నాయకుడి ముఖమేననీ, పార్టీలూ అభ్యర్థులూ మేనిఫెస్టోలూ వట్టి అలంకారాలేననీ. ఆ రాత్రి నిద్రమత్తులో వాదించలేక ఊరుకున్నాను గాని, ఒప్పుకున్నానని మాత్రం అనుకోవద్దు అబ్బయా. ఎన్నికల ప్రచారాన్ని మన కావలి, నెల్లూరు, ఒంగోలు వీధుల్లో కళ్లారా చూసి, మిగిలిన దేశాన్ని పత్రికల్లోనూ టీవీలోనూ వెంబడించిన తరువాత నాకు తోచింది వేరు. నాయకుడి ముఖం ఓట్లు తెస్తుంది, కాదనను. అయితే ఆ ముఖం ఒక పెద్ద అంకెను పక్కన పెట్టుకుని, గెలుపు ముందే ఖాయమైపోయిందని చాటినప్పుడు, 'మీకు అన్ని సీట్లు దేనికి?' అని ఓటరు అడగడం మొదలుపెడతాడు. ఢిల్లీలో మోదీ గారికీ, తాడేపల్లిలో జగన్ గారికీ ఈసారి ఎదురైన ప్రశ్న అదేనని నా నమ్మకం.

ఫిబ్రవరి 5న లోక్‌సభలో ప్రధాని మాట్లాడుతూ బీజేపీకి 370, ఎన్డీయే కూటమికి 400కు పైగా వస్తాయని ప్రకటించారు. అంకె ఎంపికలో తెలివి ఉంది. 370 అనగానే రద్దయిన కాశ్మీరు అధికరణం గుర్తుకు వస్తుంది. 400 అనగానే 1984లో కాంగ్రెస్ సాధించిన రికార్డు గుర్తుకు వస్తుంది. కార్యకర్తకు ఊపు రావాలి, ప్రతిపక్షానికి ముందే నీరసం రావాలి, పోటీ ఎంత తేడాతో గెలుస్తారన్న దాని మీదకు మళ్లాలి. అంతవరకూ బాగానే ఉంది. కాని ప్రభుత్వం ఏర్పాటుకు 272 చాలు. 543లో మూడింట రెండు వంతులు, అంటే 362, కావలసింది రాజ్యాంగ సవరణకు. ఈ లెక్కను ప్రతిపక్షం కనిపెట్టనక్కరలేకపోయింది. బీజేపీ వారే చెప్పారు. కర్ణాటకలో అనంతకుమార్ హెగ్డే రాజ్యాంగాన్ని మార్చడానికే 400 కావాలన్నారు. పార్టీ ఆయనకు టికెట్ నిరాకరించి చేతులు కడుక్కుంది. ఫైజాబాదు సిట్టింగ్ ఎంపీ లల్లూ సింగ్ కూడా అదే అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకుంటాం గాని, ఇక్కడ పుట్టని కొడుకుకు పేరు పెట్టడమే కాదు, వాడు పెరిగి ఇంటి గోడలు ఎలా కూల్చబోతాడో కూడా ఇంటివారే వివరించినట్టయింది.

రాహుల్ గాంధీని నువ్వు తేలిగ్గా తీసివేశావు గాని, ఈసారి ఆయన ప్రచారంలో ఒక ముఖ్యమైన మార్పు ఉంది. 2019లో ఆయన దాడి అంతా మోదీ వ్యక్తిత్వం మీద సాగింది. కాపలాదారే దొంగ అన్న నినాదం బాలాకోట్ వైమానిక దాడి తరువాత ఎవరి చెవికీ ఎక్కలేదు. ఈసారి చేతిలో ఎర్ర అట్ట రాజ్యాంగ ప్రతిని పట్టుకుని, మాటను వ్యక్తి నుంచి వస్తువు మీదకు మళ్లించారు. రిజర్వేషన్ పోతుందేమోనన్న భయం దళిత, వెనుకబడిన కులాల ఇళ్లలో పని చేసింది. అయితే దీన్ని కాంగ్రెస్ విజయగాథగా చెప్పేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. 99 సీట్లు వచ్చాయి, 52 నుంచి అది మంచి పెరుగుదలే. కాని ఆ పార్టీ బీజేపీతో ముఖాముఖి తలపడిన మధ్యప్రదేశ్‌లో 29కి 29 బీజేపీకే పోయాయి, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో ఒక్కటీ దక్కలేదు, గుజరాత్‌లో దక్కినది ఒక్కటే. ఒకే ప్రసంగం, ఒకే పుస్తకం, ఒకే నాయకుడు. అయినా ఫలితం రాష్ట్రానికొక తీరుగా వచ్చింది. ముఖమే అంతా అయితే ఇది ఎలా జరుగుతుందో నువ్వే చెప్పాలి.

తేడా ఎక్కడుందంటే ఉత్తరప్రదేశ్‌లో ఉంది. నా దృష్టిలో ఈ ఎన్నికల్లో అత్యంత శ్రద్ధగా పని చేసిన నాయకుడు సమాజ్‌వాదీ పార్టీ అధినేత అఖిలేశ్ యాదవ్. వెనుకబడినవారు, దళితులు, అల్పసంఖ్యాకులు అన్న మూడు మాటల తొలి అక్షరాలతో పీడీఏ అన్న సూత్రం కట్టి, దాన్ని నినాదంగా వదిలేయకుండా టికెట్ల పంపిణీలో అమలు చేశారు. యాదవుల పార్టీ అన్న ముద్ర పోగొట్టుకోవడానికి యాదవులకు ఐదే టికెట్లు ఇచ్చారు. ఆ ఐదూ సొంత కుటుంబానికే ఇవ్వడం వేరే సంగతి, అక్కడ మాత్రం సూత్రం పనిచేయలేదు. కాంగ్రెస్‌కు 17 సీట్లు ఇచ్చి పొత్తును ఫిబ్రవరిలోనే తేల్చారు. అయోధ్య ఉన్న ఫైజాబాదు జనరల్ స్థానం. అక్కడ దళితుడైన అవధేశ్ ప్రసాద్‌ను నిలబెట్టారు. జనవరి 22న రామమందిర ప్రాణప్రతిష్ఠ జరిగిన ఊరు ఉన్న నియోజకవర్గాన్ని బీజేపీ జూన్ 4న 54 వేలకు పైగా ఓట్ల తేడాతో పోగొట్టుకుంది. రాష్ట్రం మొత్తం మీద సమాజ్‌వాదీకి 37, కాంగ్రెస్‌కు 6, బీజేపీకి 33. అంతకు ముందు బీజేపీకి అక్కడ 62 ఉండేవి.

మోదీ గారి ప్రచారాన్ని నేను రెండు భాగాలుగా చూస్తాను. ఏప్రిల్ 19న జరిగిన తొలి విడత వరకూ గ్యారంటీలు, వికసిత భారతం, ప్రపంచంలో మన స్థానం. వినసొంపుగా ఉన్నా ఎవరినీ కదిలించని ధోరణి. ఏప్రిల్ 21న రాజస్థాన్‌లోని బాంస్‌వాడా సభలో సంపద పంపిణీ, మంగళసూత్రాలు, చొరబాటుదారులు అంటూ స్వరం ఒక్కసారిగా మారింది. విద్వేషం సంగతి అలా ఉంచి వ్యూహంగా చూసినా అది నష్టమే చేసిందని నేనంటాను. అంతవరకూ కాంగ్రెస్ మేనిఫెస్టో అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. ప్రధాని దానిలో ఉన్నదీ లేనిదీ కలిపి రోజూ ప్రస్తావించడంతో దానికి లేని ప్రచారం వచ్చింది. ఇంకొక వింత: ఆ బాంస్‌వాడాలోనే భారత్ ఆదివాసీ పార్టీ అభ్యర్థి గెలిచాడు, రాజస్థాన్‌లో బీజేపీ 14 దగ్గర ఆగిపోయింది. అయినా మోదీ ముఖం పని చేయలేదని నేను అనను. ఒడిశాలో 21కి 20 గెలిచి, 24 ఏళ్ల నవీన్ పట్నాయక్ ప్రభుత్వాన్ని కూడా దించారంటే, అక్కడ ఆయన ఒడియా ఆత్మగౌరవం అన్న స్థానిక వస్తువును పట్టుకోవడం వల్లనే. ముఖం ఒక్కటే, పట్టుకున్న మాట వేరు.

ఇక మన సంగతికి వస్తాను. జగన్ గారి 'వై నాట్ 175' కూడా ఆ 400కు సొంత తమ్ముడే. 2021లో చంద్రబాబు సొంత నియోజకవర్గమైన కుప్పంలో మునిసిపాలిటీ గెలిచిన దగ్గర నుంచి ఆ ధీమా మొదలై, చివరికి అన్ని స్థానాలూ తమవేనన్న నినాదంగా మారింది. దాని వెనుక ఉన్న నమ్మకం చాలా సూటిది: బటన్ నొక్కి ఇంటింటికీ డబ్బు వేశాను, ఓటు నా ముఖానికే, కాబట్టి అభ్యర్థి ఎవరైతేనేం. ఈ 'ఎవరైతేనేం' అన్నదే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఆయన పార్టీ వైసీపీని ముంచింది. ఒకచోట వ్యతిరేకత ఉన్న ఎమ్మెల్యే ఇంకోచోట కొత్తవాడై పోతాడన్న లెక్కతో మనుషులను చదరంగం పావుల్లా జరిపారు. ఎర్రగొండపాలెం నుంచి మంత్రి ఆదిమూలపు సురేశ్‌ను కొండపికి, వేమూరు నుంచి మంత్రి మేరుగ నాగార్జునను సంతనూతలపాడుకు, కనిగిరి నుంచి బుర్రా మధుసూదన్ యాదవ్‌ను కందుకూరుకు, నెల్లూరు సిటీ నుంచి అనిల్ కుమార్ యాదవ్‌ను ఏకంగా నరసరావుపేట పార్లమెంటుకు పంపారు. నలుగురూ ఓడిపోయారు. ఒంగోలు పార్లమెంటుకైతే ఎక్కడో చంద్రగిరిలో ఉన్న చెవిరెడ్డి భాస్కర్ రెడ్డిని తీసుకొచ్చి, దశాబ్దాలుగా ఆ స్థానంతో ముడిపడి ఉన్న మాగుంట కుటుంబాన్ని వదులుకున్నారు. మాగుంట శ్రీనివాసులు రెడ్డి తెలుగుదేశం తరఫున నిలబడి 50 వేల ఓట్ల తేడాతో గెలిచారు.

నెల్లూరు కథ ఇంకా విచిత్రం. 2019లో పదికి పది ఇచ్చిన జిల్లా ఇది. 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల తరువాత ఆ పార్టీ సస్పెండ్ చేసిన నలుగురు ఎమ్మెల్యేలలో ముగ్గురు మనవారే: ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్ రెడ్డి. ఒక జిల్లాలో ముగ్గురు తిరగబడ్డారంటే ఏదో జరుగుతోందని ఆగి చూసుకోవలసింది. అక్కడ 175 అన్న అంకె అడ్డుపడింది, ఎవరు పోయినా లెక్క తగ్గదన్న భ్రమ కలిగించింది. 2024 ఫిబ్రవరిలో వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి కూడా వెళ్లిపోయారు. నెల్లూరు పార్లమెంటులో తెలుగుదేశం తరఫున ఆయన వైసీపీ అభ్యర్థి విజయసాయిరెడ్డి మీద సాధించిన ఆధిక్యం 2.4 లక్షలకు పైగా. కోవూరులో ఆయన భార్య ప్రశాంతిరెడ్డి గెలిచారు. పాత జిల్లాలోని పది స్థానాలూ ఎలా వచ్చాయో అలానే పోయాయి. ప్రకాశంలో మాత్రం దర్శి, ఎర్రగొండపాలెం వైసీపీకి మిగిలాయి. దర్శిలో బూచేపల్లి వారికి సొంత పలుకుబడి ఉంది కాబట్టి నా వాదానికి అది బలమే. ఎర్రగొండపాలెంలో తాటిపర్తి చంద్రశేఖర్ కొత్త అభ్యర్థిగా గెలవడం నా లెక్కకు లొంగడం లేదు, నీకు అనుకూలమైన సాక్ష్యంగా దాన్ని ఉంచుకో.

ఢిల్లీలో రాజ్యాంగం ఏ పని చేసిందో, ఇక్కడ జగన్ ప్రభుత్వం తెచ్చిన భూమి హక్కుల (ల్యాండ్ టైటిలింగ్) చట్టం ఆ పనే చేసింది. ఆ చట్టం మీద తెలుగుదేశం చేసిన ప్రచారంలో అతిశయోక్తి ఎక్కువే. భూములన్నీ లాక్కుంటారన్నంతవరకు వెళ్లారు. అయినా రైతు నమ్మాడు. ఎందుకంటే పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ, సర్వే రాయి మీద ఆయన పథకం పేరు అప్పటికే కనిపిస్తున్నాయి. తాతలు ఇచ్చిన చెక్కకు హద్దురాయి చూడబోతే దాని మీద ప్రభుత్వ ప్రచారం కనిపించినప్పుడు రైతుకు చట్టంలోని సెక్షన్లు వివరించి లాభం లేదు. పెద్ద అంకె అడిగిన వారి మీద పెద్ద అనుమానం తేలిగ్గా అతుక్కుంటుంది. రెండు చోట్లా వివరణ ఆలస్యంగా వచ్చింది, వచ్చినా ఎవరూ వినలేదు. జూన్ 13న చంద్రబాబు ఆ చట్టం రద్దు ఫైలు మీద సంతకం పెట్టిన సంగతి నువ్వు చదివే ఉంటావు.

చంద్రబాబు గారి ప్రసంగాలు ఈసారి కూడా సుదీర్ఘమే, సగం సభ లేచిపోయాక కూడా ఆయన ఆపరు. ఆయన గెలుపు మైకు దగ్గర కాదు, బల్ల దగ్గర జరిగింది. అరెస్టయి రాజమండ్రి జైలులో ఉండగా 2023 సెప్టెంబరు 14న జైలు బయటే పవన్ కల్యాణ్ పొత్తు ప్రకటించడం ఈ ఎన్నికలకు అసలు మలుపు. పవన్ తరువాత చేసింది ఇంకా కష్టమైన పని. మొదట 24 అసెంబ్లీ, 3 పార్లమెంటు స్థానాలకు ఒప్పుకుని, బీజేపీ వచ్చాక వాటిని కూడా 21కీ, 2కీ తగ్గించుకున్నారు. అభిమానులు మండిపడ్డా మాట మార్చలేదు, చివరికి అన్నీ గెలిచారు. వైసీపీకి దాదాపు 40 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 11. ఓట్లు చీలకపోతే 40 శాతం ఎంత చిన్నదో ఈ అంకె చెబుతుంది. మార్చి 17న చిలకలూరిపేట సభలో పవన్ మాట్లాడుతుండగా మోదీ గారు మధ్యలో లేచి, లైట్ల స్తంభాలెక్కిన కుర్రాళ్లను దిగమని బతిమాలారు కదా. ఆ సభలో ఆయన ఉపన్యాసం కన్నా నాకు ఆ ఘట్టమే నచ్చింది.

జైలుకు వెళ్తే సానుభూతి ఖాయమన్న నీ సిద్ధాంతం మీద కూడా ఒక మాట. మార్చి 21న అరెస్టయిన కేజ్రీవాల్ మే 10న మధ్యంతర బెయిలు మీద వచ్చి ఢిల్లీ అంతా తిరిగారు. కాంగ్రెస్‌తో పొత్తు కూడా ఉంది. ఏడుకు ఏడు బీజేపీయే గెలిచింది. జార్ఖండ్‌లో హేమంత్ సోరెన్ ఎన్నికల వేళ జైలులోనే ఉన్నారు. అక్కడ ఎస్టీలకు కేటాయించిన ఐదు స్థానాలూ బీజేపీ ఓడిపోయింది, మిగిలిన తొమ్మిదీ దాని కూటమే గెలిచింది. అంటే జైలు గోడ అందరికీ ఒకేలా కనిపించదు. తనవాడని అనుకున్నవారికే ఆ బాధ తగులుతుంది. డబ్బు పథకాల సంగతీ అంతే. బెంగాల్‌లో మమతా బెనర్జీ మహిళలకు నెలనెలా ఇచ్చే లక్ష్మీర్ భాండార్ మొత్తాన్ని ఎన్నికల ముందు 500 నుంచి 1000కి పెంచి, ఒంటరిగా నిలబడి 29 గెలిచారు. జగన్ గారు అంతకన్నా ఎక్కువే పంచి 4 పార్లమెంటు స్థానాల దగ్గర ఆగారు. మమత వెనుక ఊరూరా పార్టీ ఉంది. ఇక్కడ పార్టీ పని అంతా ప్రభుత్వం నియమించిన వాలంటీర్ల చేతికి ఇచ్చి కార్యకర్తను ఖాళీగా కూర్చోబెట్టారు. మార్చి నెలాఖరులో ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచగానే, ఊళ్లలో ఆ పార్టీ తరఫున తలుపు తట్టే మనిషి కరువయ్యాడు.

ఇక నాకు దూరం నుంచి అంతుపట్టనిది మీ మహారాష్ట్ర. శివసేన, ఎన్సీపీ అనే రెండు పార్టీలను చీల్చి, పేర్లూ గుర్తులూ తీసుకున్న కూటమికి 48లో 17 మాత్రమే రావడానికి కారణం చీలిక మీద కోపమా, ఉల్లి ఎగుమతుల మీద పెట్టిన నిషేధమా, మరాఠా రిజర్వేషన్ ఉద్యమమా? ఎగుమతి నిషేధాన్ని మే 4న ఎత్తివేసినా, ఉల్లి పండే దిండోరిలో కేంద్ర మంత్రే ఓడిపోయారు. బారామతిలో సునేత్రా పవార్, సుప్రియా సూలే అనే వదినా మరదళ్ల పోటీని మీవాళ్లు ఎలా చెప్పుకున్నారో కూడా వివరంగా రాయి. అక్కడ అసెంబ్లీ ఎన్నికలు ఈ ఏడాదే కాబట్టి, ఈసారి ఎవరైనా ఏదైనా అంకె ప్రకటిస్తే ఆ పత్రిక కత్తిరించి ఉత్తరంతో పంపించు.

చెల్లెమ్మకూ పిల్లలకూ మా ఆశీస్సులు.

నీ మిత్రుడు